గుంట లేని మగ్గం

పరేలు, బొంబాయి
శ్రావణ మాసం, ఆదివారం

చెల్లె నర్సమ్మకు నీ అక్క లక్ష్మమ్మ నిండు మనసుతో పంపే దీవెనలు.

నేనిక్కడ క్షేమం. అలా రాయడం ఆచారం కాబట్టి రాశాను. మీ ఇంటి క్షేమం మాత్రం ఆచారానికి రాయకు, ఉన్నదున్నట్టు రాయి. మరిది మోకాళ్లు ఎలా ఉన్నాయి? దవాఖానకు పోయాడా, ఇంకా ఆముదమే రాస్తున్నాడా? చిన్నమ్మకు ఆ మిగిలిన కంటి చూపు నిలిచిందా? గద్వాలలో వానలు పడ్డాయా? ఇక్కడ పడుతూనే ఉన్నాయి. గోడకు ఆనించిన చాప కింది నుంచి కుక్కగొడుగులు మొలిచాయి. ఇన్ని కాపురాలున్న ఈ చాళ్లో అద్దె కట్టకుండా సుఖంగా ఉన్నవి అవొక్కటే.

నీ ఉత్తరం చేరి మూడు వారాలైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపం పెట్టుకోకు. "మగ్గం మంచిగ చేరిందా అక్కా? కిష్టుడు మొదటి చీర ఎప్పుడు దించుతుండు?" అని అడిగావు. మగ్గం చేరిందా అని నువ్వు అడిగితేనే, అది గద్వాలలో లేదని నాకు తెలిసింది.

నువ్వు తప్పు చేయలేదు, ముందే చెబుతున్నాను. మనవడు కిష్టుడు "అవ్వ చెప్పింది, మగ్గం విప్పి రైలుకెయ్యి చిన్నవ్వా, గీడనే నేస్త" అని రాస్తే ఏ చిన్నవ్వ మాత్రం నమ్మదు? అది నా మాట కాదు. అంత మంచి అక్షరాలతో అబద్ధం రాయడం వాడికి నేర్పింది మాత్రం నేనే. పలక మీద చేయి పట్టి దిద్దించాను.

నేను ఈ ఊరు ఎందుకొచ్చానో నీకు తెలుసు. నూలు దొరకక మగ్గం పడుకుంటే వాడు మిల్లు పనికని బండెక్కాడు. తల్లీతండ్రీ లేని పిల్లవాడు, ఆరు నెలల్లో చెవి పట్టుకుని తీసుకొస్తానని బీచుపల్లి ఆంజనేయుడికి మొక్కి వెనకే వచ్చాను. పాత పడుగు కొసలు, ఆ నిలువు పోగుల చివరలు, అచ్చు పళ్లలోనే ఉండనీ, తెంపకు, వాడొచ్చి కొత్త పడుగు వాటికే అతుకుతాడని నీకు చెప్పాను. రెండేళ్లయింది. ఆంజనేయుడికి సముద్రం దాటడమే తెలుసు, బొంబాయి దాటడం తెలిసినట్టు లేదు.

వచ్చాక చూస్తే వాడు మిల్లులో లేడు. ఒక సేటు దగ్గర గుమాస్తాగా చేరాడు. సేటు మనవాడే, పాన్‌గల్ దిక్కు మనిషి. తండ్రి మట్టి పనికి ఊరూరా తిరిగి కాలువలు తవ్వాడు. కొడుకు ఇక్కడ చేరి యుద్ధంలో సైన్యానికి గుడారాల గుడ్డ అమ్మి సముద్రం ఒడ్డున మేడ కట్టాడు. మన చీరకు ఒళ్లంతా నూలు, అంచుకే పట్టు. సేటు ఒళ్లంతా అంచే. మన కిష్టుడికి ఆయన్ని చూస్తే దేవుణ్ణి చూసినట్టు. ఆయన నడిచినట్టు నడుస్తాడు, ఆయన దగ్గినట్టు దగ్గుతాడు. జలుబు ఆయనకు, దగ్గు వీడికి.

చెబితే వినే వయసు దాటింది కదా అని నేనొక ఉపాయం చేశాను. ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే బడి బయట ఎండలో నిలబెట్టాలనిపిస్తోంది.

వంతెన పక్కన పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర ఒక అమెరికా నవల దొరికింది. అట్ట లేదు, పేరు లేదు, మొదటి పేజీలు చెదలు తిన్నాయి. చిన్నప్పుడు బడిలో దొరసాని దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషుకు తుప్పు వదిలించి, ఆదివారాలు వాడికి తెలుగులో చెప్పాను. గోధుమల వ్యాపారంలో గడించిన ఒక మనిషి కథ. గుట్ట మీద పెద్ద ఇల్లు కడతాడు. నడి హాలులో పియానో పెట్టిస్తాడు, మంచమంత వాద్యం అది. ఆ ఇంట్లో ఎవరికీ వాయించడం రాదు. విందులకు వచ్చినవాళ్లు దాని మీద గ్లాసులు పెడతారు. కడపట అందరూ వదిలేసి పోయాక ఆ ముసలివాడు ఒక్కడే కూర్చుని ఒక్క మీట నొక్కుతాడు. అది మోగదు. లోపల ఎలుకలు తీగలు కొరికేశాయి.

పుస్తకం మూసి, బడిపంతులమ్మను కదా, అడిగాను: "కిష్టా, ఆ పియానో అంటే ఏంది?"

"పియానో అంటే పియానోనే అవ్వా. ఇంకేముంటది?"

"కాదురా. కొన్నడు గాని వాయించలేకపాయె. గదే ఆయన బతుకు."

"వాయించెటోణ్ణి జీతం మీద పెట్టుకుంటె అయిపాయె గద! గీ మాటకు గంత పెద్ద పుస్తకం రాసిండా? అది సరే గాని, ఆ ఇంట్ల ఎన్ని అర్రలుండె?"

ఇరవై ఏళ్లు ఆడపిల్లలకు పద్యాల అర్థాలు చెప్పినదాన్ని. నా చేతిలో ఇంత బాగా తప్పిన పిల్లవాడు మరొకడు లేడు.

తప్పితే తప్పాడు, మరిచిపోయినా బాగుండేది. మరిచిపోలేదు. పెద్దవాళ్ల హాలులో చూసేందుకు ఒక వస్తువు ఉండాలట, అమెరికాలో అంతేనట అని పోయి సేటుకు చెప్పాడు. సేటు ఏం పెట్టాలని ఆలోచిస్తే, "మా ఇంట్ల మగ్గముంది" అన్నాడు. నీ ఉత్తరం వాడి ముందు పెట్టి నిలదీస్తే ఇదంతా చెప్పాడు, ఒక మంచి పని చేసి వచ్చినవాడిలా. "పూనాల కొత్త దుకాణం నా చేతికిస్తా అన్నడు అవ్వా. మగ్గం ఆడ గుంటల పడుకుంటె ఏమొస్తది? ఈడ నలుగురు చూస్తరు." నాశనం చేసింది ఆ పుస్తకం కాదు చెల్లె, దాన్ని తెలుగు చేసిన నా నోరు.

పోయిన గురువారం సేటు గృహప్రవేశం. నన్నూ పిలిచారు. ఎందుకో వెళ్లాక తెలిసింది. మగ్గం పక్కన పీట వేసి, నా చేతికి రాట్నం ఇచ్చి కూర్చోబెట్టారు. కళ ఉంటుందట.

మీ బావ బతికినన్నాళ్లూ నేసిన మగ్గాన్ని తెల్లటి పాలరాతి మీద నిలబెట్టారు నర్సూ. నువ్వు నూనె పెట్టి తుడిచి పంపావేమో, మెరుస్తోంది. గుంట లేదు. పాలరాయి తవ్వుతారా మరి? నేతగాడు కాళ్లు ఎక్కడ పెడతాడని ఎవరికీ తోచలేదు. తొక్కుడుచెక్కలు ఎందుకో తెలియక పక్కన వరసగా పేర్చి వాటి మీద పూలకుండీ పెట్టారు. కిష్టుడికి తెలుసు. వాడు కోటు సవరించుకుంటున్నాడు.

వచ్చినవాళ్లలో ఒకాయన ఇదేమిటని అడిగితే, సేటు మగ్గం మీద చేయి వేసి వాళ్ల భాషలో ఏదో చెప్పి, మురిపెంగా నా వైపు తిరిగి తెలుగులో కూడా అన్నాడు: "మా నాయన మగ్గం ఇది. దీని మీద నేసే నన్ను సాదిండు."

నేను కిష్టుడి ముఖం చూశాను. వాళ్ల తాత మగ్గం. వాడు అవునని తల ఊపాడు.

కాలువలు తవ్విన తండ్రి ఏం తక్కువ చెల్లె? ఆ నీళ్లు ఎవరి పొలంలోనో ఇంకా పారుతుంటాయి. ఆయన్ని చెరిపేసి మీ బావను తండ్రిని చేసుకున్నాడు. "మరి మీ నాయన కాళ్లు యాడ పెట్టుకునేటోడు సేటూ?" అన్నాను. సేటు ముఖం ఒక్క క్షణం వాడింది. తర్వాత నవ్వి అతిథులకు ఏదో చెప్పాడు. వాళ్లంతా నాకు చేతులు జోడించారు. "ఏం చెప్పిండురా?" అని కిష్టుణ్ణి అడిగాను. "ఇల్లు సల్లగుండాలె అని దీవించినవని చెప్పిండు," అన్నాడు తల వంచుకుని.

అప్పుడు చూశాను. అచ్చులో పాత పడుగు కొసలు అలాగే ఉన్నాయి. రైలులో చెదరకుండా గుప్పెడు గుప్పెడు కలిపి నువ్వు వేసిన ముడులు, వాటికి పసుపు. నర్సూ, ఆ ముడులు చూసేదాకా నాకు ఏడుపు రాలేదు. వాడు నేస్తాడని నమ్మి కట్టావు కదా.

వాకిట రిబ్బను కత్తిరించిన కత్తెర వెండిపళ్లెంలో అక్కడే ఉంది. తీసుకుని కొసలన్నీ తెంపేశాను. కిష్టుడు ఉరికి వచ్చాడు. "ఏం జేస్తున్నవ్ అవ్వా! సేటు ఏమంటడు!" అంటూ కింద పడిన పోగులు ఏరబోయాడు. ఏరుతూ ఏరుతూ వాడి వేళ్లు రెండు పోగుల కొసలు కలిపి మెలి తిప్పాయి. పడుగు అతికేందుకు మీ బావ నేర్పిన మెలి. చూస్తూనే ఉన్నాను. వాడూ చూసుకున్నాడు. పోగులు నా ఒళ్లో వేసి, వేళ్లు కోటుకు తుడుచుకుని, సేటు దగ్గరికి పోయాడు.

ఆదివారం పూనాకు వెళతానన్నాడు. అంటే ఈవేళ. పొద్దున బండెక్కాడు. నేను పిలవలేదు, వాడు రమ్మనలేదు. నా గురించి పరేషాన్ కావద్దు. రేషన్ బియ్యం వాసన వచ్చినా ఉడుకుతున్నాయి. పక్కింటి మరాఠీ ఆమె రొట్టె ఇస్తోంది. జొన్నపిండి పంపుతానన్నావు, వద్దు. ఒక్కదాని కోసం రొట్టె కొట్టాలంటే చేయి లేవడం లేదు. తిరిగి రమ్మని రాయకు. ఉత్త చేతులతో నేను ఆ గడప ఎక్కలేను. నా గురించి పరేషాన్ కావద్దని మళ్లీ రాస్తున్నాను.

తెంపిన పోగులు ఈ ఉత్తరంలోనే మడిచి పెట్టాను. గుంట తెరిచి ఉంటే పిల్లలు పడతారు. మరిదితో పూడ్పించు. మన్ను పోసే ముందు వీటిని అడుగున వెయ్యి. మీ బావ పాదాలు ఆనిన చోటు అది.

చిన్నమ్మ కాళ్లకు నా బదులు మొక్కి, నన్ను దీవించమని అడుగు. ఎందుకని అడిగితే, అక్క ముసలిదైందని చెప్పు. మరిదికీ పిల్లలకూ నా దీవెనలు.

ఉత్తరం మడుస్తుంటే కనబడింది: ఈ పోగుల్లో రెండు ఒకదానికొకటి అతికి ఉన్నాయి. ఆ రెండూ గుంటలో వేయకు, పసుపు భరిణెలో దాచిపెట్టు.

ఇట్లు,
నీ అక్క
లక్ష్మమ్మ