సీమోను ఆపిన స్విచ్

10 జూలై 1983, ఆదివారం

రోబో మొదలుపెట్టాం. నవ్వేవాళ్ళని నవ్వనీ.

సీమోను చర్చి నుంచి తిన్నగా నా షెడ్డుకే వచ్చాడు, డ్రాయింగు చుట్టి చంకలో పెట్టుకుని. కొత్తపేట హైస్కూల్లో మాది ఒకే బెంచీ. వాడు సైన్సు మాస్టారయ్యాడు, నేను అమలాపురంలో లేతు మిషను పెట్టుకున్నాను. ఊరంతా వాణ్ణి మాస్టారండీ అంటుంది. నాకు మాత్రం ఒరేయే. వాడికి నేను లోవాగాణ్ణి.

మనిషెత్తు బొమ్మ. లోపల లారీ వైపర్ మోటార్లు, సైకిల్ చైన్లు. బటన్ నొక్కితే కుడి చెయ్యెత్తి పలకరించాలి. డిసెంబరులో కాకినాడ సైన్స్ ఫెయిర్‌కి వాళ్ళ స్కూలు తరఫున పంపాలని. సర్క్యూట్లు వాడివి. ఇనప పనంతా నాది. "ఒరే లోవా, ఇన్నేళ్ళూ పంపుసెట్ల షాఫ్టులు చేసేవు, ఒక్కసారి మనిషిని చెయ్యరా" అన్నాడు.

పొద్దుణ్ణించీ ఇద్దరం అన్నం సంగతే మర్చిపోయాం.

7 ఆగస్టు, ఆదివారం

రోబో భుజం కీలులో బుష్ మూడోసారి పాడుచేశాను. వెంట్రుకవాసి ఎక్కువ కోసినా చెయ్యి వదులుగా ఊగుతోంది.

సీమోను లేతు నేర్చుకుంటున్నాడు. వాచీ తీస్తాడు, చొక్కా చేతులు పైకి మడుస్తాడు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టు తనకి తనే రూల్సు చెప్పుకుంటాడు. కరెంటు పోతే ముందు స్విచ్ ఆపుతాడు. నేనెప్పుడూ ఆపను. మోటారు చప్పుడు వినిపిస్తేనే నాకు కరెంటు వచ్చినట్టు. కరెంటు పోగానే మోటారుని తనంతట తనే ఆపేసే స్టార్టరు కాలిపోయి ఆరు నెలలైంది, మెయిన్ స్విచ్ మీదే నడుపుతున్నాను. మార్చాలి.

21 ఆగస్టు, ఆదివారం, సాయంత్రం 5

సీమోను కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. నా షెడ్డులో.

24 ఆగస్టు

ఎవరితోనూ అనలేను. ఇక్కడైనా రాయాలి.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. సీమోను స్విచ్ ఆపాడు. నేను చూశాను. టీకి వెళుతూ వెళుతూ నేను మళ్ళీ వేశాను. అలవాటు. వాడు అటు తిరిగి గేరు తుడుస్తున్నాడు. వాడికి చెప్పలేదు.

టీ కొట్టు ఎదురుగానే. గ్లాసు ఇంకా నోటి దాకా రాలేదు. కరెంటు వచ్చింది, లేతు తిరిగిన చప్పుడు. ఆ వెంటనే వాడి కేక. ఇనప ముక్కని పట్టి తిప్పే చక్‌లో ఇరుక్కున్న ఇనప రజను వేళ్ళతో తీస్తున్నాడు, కరెంటు లేదు, స్విచ్ ఆపే ఉంది అన్న ధైర్యంతో.

పరిగెత్తుకెళ్ళి ఆపింది నేనే. తువ్వాలు చుట్టి రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎలా జరిగిందని డాక్టరు గారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా సీమోనే చెప్పాడు. "నాదే తప్పండీ. స్విచ్ ఆపేననే అనుకున్నానండీ. ఆపలేదు కాబోలు."

తెరిచిన నోరు మూసుకున్నాను. మూడు రోజులైంది. ఇంకా మూసుకునే ఉన్నాను.

4 సెప్టెంబరు, ఆదివారం

మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. వాడి భార్య సలోమి గారు కాఫీ ఇచ్చారు. సీమోను నన్నే ఓదార్చాడు. నీ షెడ్డుకి మాట రాకూడదురా అన్నాడు. స్విచ్ ఆపినట్టే గుర్తురా, నాకు మతి చెడుతోందేమో అని కూడా అన్నాడు. ఎడం చేత్తో రాసిన కాగితం చూపించాడు. పలక మీద దిద్దినట్టున్నాయి అక్షరాలు. ఇరవై ఏళ్ళు బోర్డు మీద ముత్యాల్లా రాసినవాడు.

మనవాణ్ణి ఆపకు, పూర్తి చెయ్యి అన్నాడు. మనవాడంటే రోబో.

18 సెప్టెంబరు

రోబో చెయ్యి లేచింది. కుడి చెయ్యి. దానికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. చూడలేక గోనెపట్టా కప్పేశాను.

29 సెప్టెంబరు

సలోమి గారు షెడ్డుకి వచ్చారు. లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడ్డారు.

"వేళ్ళ సంగతి కాదండీ అన్నయ్యగారూ. ఆయనకి ఆయన మీదే నమ్మకం పోయిందండీ" అన్నారు.

తలుపు గడియ వేసి అయిదారుసార్లు చూసుకుంటున్నాడట. స్టవ్ ఆపేవా అని అడగడానికి స్కూలు నుంచి ఇంటికి వస్తున్నాడట. ల్యాబ్ తాళాలు హెడ్మాస్టరు గారికి ఇచ్చేశాడట. స్విచ్ ఆపేనో లేదో తెలియనివాణ్ణి, పిల్లల చేతికి యాసిడ్ సీసాలు ఎలా ఇస్తానండీ అన్నాడట.

"మీ మాటైతే వింటారండీ. ఓసారి వచ్చి చెప్పండి."

ఆయ్, వస్తానండీ అన్నాను.

30 సెప్టెంబరు

నా భార్య సూర్యకాంతానికి చెప్పాను. తనకి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపలేదు. ఆ తర్వాత, "ఇప్పుడు చెప్తే పోయిన వేళ్ళు వస్తాయేంటండీ?" అంది.

రావు. కాని పోయినవి వేళ్ళొక్కటే కాదు.

2 అక్టోబరు, ఆదివారం

చెప్పేశాను. వాళ్ళ అరుగు మీద, పట్టపగలు.

సీమోను కదలకుండా విన్నాడు. "అయితే నేను ఆపేనన్నమాట" అన్నాడు.

ఆపావురా, నేను చూశాను అన్నాను.

"ఆపేను" అని మళ్ళీ తనలో తనే అనుకున్నాడు. ముఖం తేటపడింది. నెలన్నరగా చూడని ముఖం. ఒక్క క్షణం, అంతా సర్దుకుందనే అనుకున్నాను.

అప్పుడు నా వైపు తిరిగాడు. "నలభై రెండు రోజులురా. నువ్వొచ్చిన ప్రతిసారీ చెప్పేను, నాకు మతి చెడుతోందేమోరా అని. కాఫీ తాగుతూ విన్నావు."

సలోమి గారు లోపలి నుంచి వచ్చారు. "ఆ రోజే చెప్పుంటే ఆయన మీ చెయ్యి పట్టుకుని ఏడ్చేవారండీ, అంతే" అన్నారు.

వెళ్ళమని ఎవరూ అనలేదు. నేనే లేచాను.

9 అక్టోబరు, ఆదివారం

సలోమి గారు వచ్చి సర్క్యూట్ల పెట్టె పట్టుకెళ్ళారు. వైర్లు నేనే విప్పి ఇచ్చాను. ఆయన ల్యాబ్ తాళాలు మళ్ళీ తీసుకున్నారండీ అని చెప్పారు. నాకు చెప్పాల్సిన పనిలేదు. అయినా చెప్పారు.

కొత్త స్టార్టరు బిగించాను. అరగంట పని.

14 మార్చి 1984

కొత్తపేట బస్సు. ఖాళీ ఉన్నది నా పక్కనే. సీమోను ఎక్కాడు. మిగిలిన రెండు వేళ్ళతో కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత దగ్గరికి వచ్చాడు.

"కాస్త జరుగుతారా అండీ?"

జరిగాను.