ఎవ్లోహియా ఎత్తిన చెయ్యి

కొల్కేపాంపా, బొలీవియా
అక్టోబరు 20

సెన్యోర్ బాల్దివియెసో గారికి,

పాత గనిని బాగుచేసి తెరవడానికి మా ఊరు సమ్మతించిందంటూ మీ కంపెనీ అచ్చేసిన పుస్తకం అందింది. అట్టమీద ఫొటోలో చెయ్యెత్తి నిలబడింది నా భార్య ఎవ్లోహియా. మీరు మా ఊళ్ళో పెట్టిన సభలో ఆ చెయ్యి ఎత్తింది సమ్మతి తెలపడానికి కాదు, ప్రశ్న అడగడానికి.

"ఏం బాబూ, గనిలో నీళ్ళన్నీ తోడి వాగులో పోస్తారట. మేం తాగేది ఆ వాగు నీళ్ళేగా! ముందు మీరో గ్లాసు తాగుతారా?" అంది.

"మంచి ప్రశ్న, దోన్యా ఎవ్లోహియా! ముందు భోంచేద్దాం రండి," అన్నారు మీరు. భోజనం బాగుంది.

మే నెలలో ఆమె పోయింది. ఏటా నవంబరు ఒకటిన, మధ్యాహ్నం, మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు ఇళ్ళకు వస్తారు. ఆమె కోసం బల్లమీద రొట్టెలు పెడతాను. కూర్చోగానే మీ జవాబేమిటని అడుగుతుంది. ఆలోగా పంపండి.

మీరే వస్తే మరీ మంచిది. వాగు నీళ్ళు, గ్లాసు సిద్ధంగా ఉంచుతాను.

ఇట్లు,
ఎవ్లోహియా భర్త