నెత్తురు మాన్యం

అన్నా,

కాలవ తూము కాడ నీళ్ల వంతుకోసం నిన్ను గొడ్డలితో నరికి ఈ రోజుకు ఏడాది. సాక్ష్యం చెప్పేవాడు లేక, నరికినోళ్లు కోర్టు నుంచి నవ్వుకుంటా ఇంటికొచ్చినారు.

నువ్వు పంపిన చదువే చదవతా ఉండా. పోయిన నెల మద్రాసులో, యూనివర్సిటీ లైబ్రరీలో, మన వైపు ఊళ్ల పాత కైఫీయతులు, ఊరి చరిత్ర రాసిపెట్టిన కాయితాలు, తిరగేస్తుంటే ఒకటి దొరికింది. మూడొందల ఏళ్ల నాడు సంగం పక్క ఒక ఊళ్లో ఇట్టనే నీళ్ల కాడ ఒక రైతు తల నరికినారంట. ఊరంతా కూడి, చంపినోడి మడి లాక్కోని చచ్చినోడి పెళ్లానికి నెత్తురు మాన్యంగా ఇచ్చినారంట. ఏటా మొదటి నీళ్లు ఆ మడికే. తూము తలుపు ఎత్తాల్సింది ఆ చంపినోడే.

చదివి బల్ల మీద గుద్దినా. అందరూ తిరిగి చూసినారు. నిన్ను నరికినోళ్ల మెడలు మన తూము తలుపు కింద పెట్టి దించాలనిపించింది.

నీ నెత్తురు కలిసిన నీళ్లు కట్టనని వదిన ఈ ఏడు మన మడి బీడు పెట్టేసింది. నిన్న సెలవుకొచ్చి, ఆ కైఫీయతు రాసుకొచ్చిన కాయితం ఆమెకు చదివి వినిపించినా. చేతిలో చేట పక్కన పెట్టి ఒకటే అడిగింది.

"ఆ మడిలో పండిన కూడు ఆమెకు గొంతు దిగిందా అబ్బయ్యా?"

మళ్లా మొదటినుంచి చూసినా. ఆ మాట ఎవరూ రాయలేదన్నా.