స్వప్న చెప్పకూడని క్షమాపణ

మంగళవారం, రాత్రి

నిన్న బడిలో నేనొక తండ్రిని చెంపదెబ్బ కొట్టానని మా నిజాంపేట అపార్టుమెంటు లిఫ్టులో చెప్పుకుంటున్నారట. కొట్టలేదు. ఆయనకు కుర్చీ వేశాను.

ఆయన కూతురిని ఇంటికెళ్ళే బస్సు ఎక్కించడం బస్సు సిబ్బంది మరిచిపోయారు. తప్పు బడిదే. మాదాపూర్ ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన ఆ మనిషి తన భయాన్నంతా రిసెప్షన్‌లోని స్వప్న మీద కోపంగా కుమ్మరించాడు. బస్సులతో ఆమెకు సంబంధమే లేదు.

ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ బడి సిబ్బందికి నేను నేర్పుతున్నది ఒక్కటే: కోపంతో వచ్చినవారిని కూర్చోబెట్టి, వారి మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసి, వారికే చదివి వినిపించాలి. అదే చేశాను.

"'నీకు పిల్లలుంటే తెలుస్తుండె' అన్నారు. సరిగ్గా రాశానా అండి?"

ఆయన తల దించుకున్నాడు. "అదొక్కటి కొట్టేయండి మేడమ్. పాప కనబడకపోయేసరికి పరేషాన్ అయిన."

ఆయన మీద నాకు జాలే కలిగింది. స్వప్న ఆరేళ్ళుగా పిల్లల కోసం దవాఖానల చుట్టూ తిరుగుతున్నదని ఆయనకెలా తెలుస్తుంది?

ఈ ఉదయం ఆమె అంది: "కాయితం మీద కొట్టేసిన్రు మేడమ్. నా చెవులల్లకెల్లి ఎట్ల పోతది?"

నేను నేర్పిన పద్ధతి కాగితం దాకానే పనిచేస్తుంది.

సాయంత్రం బడి నడిపే కరస్పాండెంటు గారు ఫోన్ చేశారు. "రేపు మీటింగులో పేరెంట్స్ ముందు బస్సు సంగతికి ఆ అమ్మాయితో ఒక సారీ చెప్పించండమ్మా, అయిపోతుంది." ఉద్యోగం కోసం స్వప్న చెప్పేస్తుంది కూడా.

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనెవరికీ క్షమాపణ చెప్పినదాన్ని కాను. స్వప్నను రేపు సెలవు పెట్టమన్నాను. బస్సు తప్పుకు బడి తరఫున నేనే చెబుతాను. కరస్పాండెంటు గారికి ఆ సంగతి అక్కడే తెలుస్తుంది.