నా గాలానికి పడ్డ బొచ్చె

అక్టోబర్, ఆదివారం రాత్రి

ఇంత కోపంతో నిద్రెలా పడుతుంది? శామీర్‌పేట దగ్గర చేపలు వేసి పెంచిన చెరువులో ఈరోజు గాలాల పోటీ. పొద్దున్నుంచి ఎండలో కూర్చుంటే మధ్యాహ్నానికి నా గాలానికి పెద్ద బొచ్చె చేప తగిలింది. దారం వదులుతూ, చుడుతూ, అది అలిసేదాకా ఆడించి ఒడ్డు దాకా తెచ్చాను. అంతలో మరిది శీను ఉరికొచ్చాడు.

"నీతోటి గాదు వదినా, ఇటియ్యి!"

వద్దని అరుస్తున్నా వినకుండా గాలం కర్ర లాక్కుని చేపను బయటికి లాగేశాడు. ఇంకొకరి చెయ్యి పడితే ఆ చేప చెల్లదు. జడ్జి నా పేరు కొట్టేశాడు. అక్కడ పడ్డ చేపలన్నిటిలోకీ పెద్దది అదే!

"నిన్ను గెలిపిద్దామనే జేసిన. గింత లొల్లి ఏంది?" అని వాడే నామీద ఎగిరాడు.

ఈయనేమో, "పోనీతియ్యి, వాడు మంచికే జేసిండు" అన్నాడు.

మంచికట! పట్టిన చేపను మళ్లీ చెరువులోనే వదిలేయాలి అక్కడ. బొచ్చెను నేనే రెండు చేతులతో నీళ్లలోకి దించాను. కాసేపు ఊపిరి తీసుకుని తోక విదిలించి పోయింది. అప్పుడొచ్చింది ఏడుపు.

మచ్చ బొల్లారంలో ఇల్లు చేరేదాకా కారులో అన్నదమ్ములిద్దరికీ నేను నవ్వులాటే. అన్నం తింటూ ఈయన, "వచ్చేసారి శీనుగాన్ని నీ పక్కనే కూసోబెడదాం" అన్నాడు. కంచం వదిలేసి లేచాను.

వచ్చేసారి ఒక్కదాన్నే బస్సెక్కి పోతాను. ఈ మాట ఆయనకు ఇంకా చెప్పలేదు...