ఎడమ పక్క షెడ్డు

ఒరేయ్ కార్వెల్,

కాలేజీ మానేసి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడతానని నువ్వు చెప్పడం టీవీలో చూశాను. ఆ కోటూ, ఆ నల్లకళ్లద్దాలూ! బార్బర్ షాపులో అందరూ చప్పట్లు కొట్టారు.

"మీ మనవడు దొరబాబు అయిపోయాడు పెద్దాయనా" అన్నాడు బార్బర్.

"ముందు ఎడమచేత్తో బంతి కొట్టుకుంటూ నాలుగడుగులు వెయ్యమను, అప్పుడు చూద్దాం" అన్నాను.

మొన్నటి ఆటలో ఎవడో బక్కోడు నీ కుడివైపు అడ్డం నిలబడితే ఎడమకి తిరగలేక గుడ్లప్పగించి చూశావు. ఆ పెద్ద జట్లవాళ్లు నిన్ను తుక్కుతుక్కు చేసేస్తారు.

ఎడమచేత్తో ఆడమంటే, మన వాకిట్లో బంతి వేసే బుట్టకి ఎడమ పక్క షెడ్డు అడ్డమొస్తోందని చిన్నప్పట్నుంచీ సాకు చెప్పేవాడివి. నిన్న దాన్ని పడగొట్టించి కాంక్రీటు పోయించాను. బుధవారానికి ఆరుతుంది. ఆ పెద్ద జట్ల ఎంపికకిచ్చిన పేరు నువ్వు వెనక్కి తీసుకుని మళ్లీ కాలేజీకి పోవడానికి గడువు కూడా బుధవారమే.

ఆ కోటు అక్కడే పారేసి రా.

తాత