చాయ్ పెట్టిన సాక్షి

ఠాణా పెద్దసారుకు,

ఎనుమాముల కట్టమ్మ దండం పెట్టి రాసేది. ఠాణాకొస్తే రేపు రమ్మంటున్నరు, అందుకే రాస్తున్న.

నా కొడుకు ఉదయ్ మిర్చి యార్డుల హమాలి. శివరాత్రి ముందు లారీ గుద్ది చనిపోయిండు. మీ కాయితం పక్కింటి నవ్య చదివింది. ‘కళ్లు ఎర్రగా ఉన్నవి, కావున తాగి తానే పడెను’ అని ఉన్నదట. మిర్చి బస్తాలు మోసేటోని కండ్లు ఎర్రగ కాక తెల్లగుంటయా సారూ? ఒక్క పూట యార్డుకు రండ్రి, మీ కండ్లూ అట్లనే అయితయి. నా కొడుకు తాగలే. ఆ మాట కొట్టేసి లారీని దేవులాడి పట్టుండ్రి.

ఇట్లు,
ఉదయ్ అమ్మ

మరిచిన: ఆ కాయితం మీద సాక్షి అని మా ఆయన వెంకట్రాజం సంతకం ఉన్నది. ఆయన పోయి ఆరేండ్లు. ఠాణా దాకా వచ్చినోడు ఇంటికెందుకు రాలేదో జర అడుగుండ్రి.

---

శ్రీమతి కట్టమ్మ గారికి,

మీ అర్జీ అందినది. భర్త ఇల్లు విడిచి పోవుట కుటుంబ విషయము. అయినను విచారించగలము. సాక్షి చెప్పినదే రాసితిమి, మార్చుటకు వీలులేదు.

ఇట్లు,
సారంగపాణి, స్టేషన్ రైటర్

గమనిక: ఆయన ఫొటో పంపగలరు.

---

బిడ్డా సారంగపాణీ,

నువ్వు ఉదయ్ ఈడోడివేనట, నవ్య చెప్పింది. ఎండలు ముదిరినయి, అంబలి తాగు.

ఫొటో పంపుతున్న. దండ తీసిన గానీ బొట్టు పోలే. మా ఆయనను కలిస్తే ఏమన్నడో సీలు వేసి రాసియ్యి.

నీ మేలు కోరే
కట్టమ్మ

మరిచిన: ఆయనకు వేలిముద్రే వచ్చు. సంతకం ఎవరు నేర్పిండ్రో గాని వాళ్లకు నా దండాలు.

---

శ్రీమతి కట్టమ్మ గారికి,

మా కానిస్టేబుల్ స్వయముగా మీ ఇంటికి వచ్చి వెంకట్రాజం గారిని కలిసెను. ఆరోగ్యముగా ఉన్నారు. ఫొటోలో వలెనే బొట్టు పెట్టుకొని ఉన్నారు. కుమారుడు తాగిన మాట నిజమేనని మరల చెప్పి సంతకము చేసినారు. విచారణ ముగిసినది. సీలు వేయడమైనది.

ఇట్లు,
సారంగపాణి

గమనిక: మీరు ఇంట లేనందున ఆయనే చాయ్ పెట్టి ఇచ్చిరి.

---

బిడ్డా సారంగపాణీ,

చాయ్ ముచ్చట చదివి, ఉదయ్ పోయినంక మొదటిసారి నవ్విన. బతికున్నన్ని రోజులు మా ఆయన పొయ్యి దిక్కు చూడలే.

పోయి ఆరేండ్లు అంటే చచ్చిపోయి అని. నువ్వు ఇల్లు విడిచి పోయిండనుకున్నవు. ఆ సంగతి నాకు ఎరుకైనా విడమర్చి చెప్పలే, అది నా తప్పు. చెబితే పేరు పొరపాటని ఒక్క గీత గీకి ఊకుందువు. ఉదయ్ ఆధార్ కార్డుల తండ్రి పేరు చూసి సాక్షిని చేసినవు గద? నీ రెండు కాయితాలకు మా ఆయన మరణ పత్రం కుట్టి హన్మకొండ పెద్దాఫీసుకు పంపిన.

నిన్న అక్కడి సారొచ్చిండు. కడుపుల మందు లేదని దవాఖాన రిపోర్టుల ముందే ఉన్నదట, ఎవరూ చదవలే. ఉదయ్ తాగలేదని కొత్త కాయితం ఇచ్చిండు. లారీని దేవులాడుతున్నరు. నిన్నూ, ఆ కానిస్టేబులునూ పిలుస్తరట. నిజం చెప్పు బిడ్డా. బువ్వ తిని పో.

ఇట్లు,
తాగనోని తల్లి

మరిచిన: మీ కానిస్టేబులుకు మా ఆయన మళ్ల కలిస్తే, పిల్లగాడు తన దగ్గరికి మంచిగ చేరిండా అని అడగమను.